ఎగువ గల్లీకి నీళ్ళెక్కిన రోజు

పొద్దున నల్లా విప్పితే ముందు గాలి వస్తుంది. రెండు మూడుసార్లు దగ్గి, గరగరలాడి, ఆ తర్వాతే నీళ్ళు. మా చైతన్యపురి అపార్ట్‌మెంట్‌లో అందరికీ ఆ చప్పుడంటే చిరాకు. నేను మాత్రం చేతిలో పని ఆపి వింటాను. తెనాలి దగ్గర పుట్టినదాన్ని, చిన్నప్పుడు కుళాయి అనేదాన్ని. ఇప్పుడు నల్లా తప్ప మరో మాట నోటికి రాదు. ఆ మాటతో పాటు నాకు ఈ ఉద్యోగం మొత్తం నేర్పినాయన లైన్‌మన్ దేవదానం. కాగితం మీద ఆయనకు నేను అధికారిని. ఆ సంగతి మా ఇద్దరిలో నేనొక్కదాన్నే సీరియస్‌గా తీసుకున్నాను.

నీళ్ళ బోర్డులో కొత్త అసిస్టెంట్ ఇంజినీరుగా మన్సూరాబాద్ సెక్షన్‌లో చేరిన రోజు నా చంకలో డ్రాయింగుల చుట్ట, తలలో కావలసినంత పొగరు. దేవదానానికి అప్పటికే యాభై దాటాయి. నల్లగొండ పల్లె నుంచి వచ్చి ఎల్బీ నగర్‌లో కిరాయింట్లో ఉండేవాడు. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులూ పైపులు. నన్ను రోడ్డు పక్క గుంత దగ్గరికి తీసుకెళ్ళి, ఓ పొడుగాటి ఇనుప కడ్డీ కొసను లోపలి పైపు మీద ఆనించి, రెండో కొస నా చెవికి పెట్టుకోమన్నాడు. నాకు నవ్వొచ్చింది. "ఇదేంటండీ, డాక్టరు పనా?" అన్నాను.

"నవ్వుండ్రి మేడం. నవ్వుడైనంక ఇనుండ్రి."

విన్నాను. ఏమీ వినపడలేదు. అదే మాట చెప్పాను.

"మొదలు ఎవ్వరికి ఇనపడది. రోజూ ఇంటుంటే నీళ్ళు ఎక్కడ పోతున్నయో, ఎక్కడ ఆగినయో అంతా తెలుస్తది," అన్నాడు. నెల తిరిగేసరికి నాకూ కొంచెం కొంచెం తెలియసాగింది. ఆ ముచ్చట ఇంటికి ఫోన్ చేసి గొప్పగా చెప్పుకున్నాను కూడా.

తన గురించి ఆయన ఎక్కువ మాట్లాడేవాడు కాదు. ఒకసారి మాత్రం ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ ఉన్నట్టుండి అన్నాడు: "మా ఊరి బోరునీళ్ళల్ల ఫ్లోరైడు మేడం. మా అక్కకు ముప్పై ఏండ్లు నిండకముందే నడుము వంగిపాయె. ఆమెకు నిలవడి ఆకాశం చూసుడు తెల్వది." ఆయన డబ్బులిచ్చి లేచి, మధ్యాహ్నం చూడాల్సిన లీకేజీ గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు.

మా సెక్షన్‌లో ఎత్తు మీద ఒక గల్లీ ఉండేది. అందరూ ఎగువ గల్లీ అనేవాళ్ళు. కింది గల్లీలకు ఎన్నాళ్ళుగానో నల్లాలున్నాయి గానీ, దానికి ట్యాంకరే గతి. ట్యాంకరు వచ్చిందంటే బిందెలతో పాటు జుట్లు కూడా పట్టుకునేవాళ్ళు. ఆ గల్లీకి కొత్త పైపులైను వేయించడం నా మొదటి పని. లెక్కలు నావి, డ్రాయింగు నాది. పైప్ పూడ్చడం అయిపోయి, ఇక నీళ్ళు వదలడమే మిగిలిన సమయానికి తెలంగాణ ఉద్యమం ఊపందుకుంది. ఆఫీసుల్లో సమ్మె మొదలైంది. ఒకే డబ్బాలో తిన్నవాళ్ళు వేరు వేరు బల్లల దగ్గర కూర్చుంటున్న రోజులవి. సమ్మెలోకి వెళ్తూ దేవదానం నా గదికి వచ్చాడు.

"ఒక్క మాట మేడం. నేనొచ్చేదాక ఆ లైను ముట్టకుండ్రి. జర ఆగుండ్రి."

ఎందుకని అడగాలి కదా, అడగలేదు. తాము లేకపోతే నీటిబొట్టు కదలదని నాకు చూపించాలనుకుంటున్నాడని అర్థం చేసుకున్నాను. రోషం పొడుచుకొచ్చింది. మర్నాడే కాంట్రాక్టరు మనుషుల్ని పెట్టుకుని, ఏటవాలు మొదట్లో ఉన్న పాత వాల్వు దగ్గరికి వెళ్ళాను. కింది గల్లీలకూ నీళ్ళు దాని గుండానే పోతాయి, అది అప్పటికి సగమే తెరిచి ఉంది. ఇక తిరగనంత వరకూ తిప్పించి, 'వాల్వు పూర్తిగా తెరవడమైనది' అని రిపోర్టులో రాసి సంతకం పెట్టాను.

ఎగువ గల్లీకి చుక్క ఎక్కలేదు. ఒకరోజు చూశాం, రెండు రోజులు చూశాం. పైగా కింది గల్లీల్లో ధార కూడా సన్నబడింది. పై అధికారులొచ్చి, ఎత్తు ఎక్కువ, పంపు లేనిదే లాభం లేదు, ఫైలు పక్కన పెట్టమన్నారు. పక్కన పెట్టిన ఫైలు మళ్ళీ ఎప్పుడు లేస్తుందో ఆఫీసులో పనిచేసిన వాళ్ళకు చెప్పక్కర్లేదు. గల్లీలో మాత్రం వేరే మాట పుట్టింది. ఆంధ్రామె కావాలనే నీళ్ళాపిందట. ఆ మాట చెవిన పడిన రోజు స్టోర్ రూంలో తలుపేసుకుని ఏడ్చాను.

ఆ గల్లీలో చివరి ఇల్లు లచ్చమ్మది. కూరగాయలమ్మేది, నోరు పెద్దది. నాలుగో రోజు ఆమె సరాసరి దిల్‌సుఖ్‌నగర్‌లో సమ్మె టెంటుకు వెళ్ళి, అందరి ముందూ దేవదానాన్ని నిలదీసిందట. "తెలంగాణ అచ్చేదాక మా గొంతులు ఎండాల్నా? ఏందయ్యా గిది?" అందట. గంటలో ఆయన కడ్డీ పట్టుకుని నా ముందున్నాడు.

పాత వాల్వు దగ్గర కూర్చుని కడ్డీ చెవికి ఆనించాడు. కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు కదల్లేదు.

"నీళ్ళు ఈడిదాక అచ్చి ఆగినయ్ మేడం. సందులకెల్లి కొన్ని ఉరుస్తున్నయ్. దీన్ని ఎటు తిప్పిచ్చిండ్రు?"

"తెరవాలంటే ఎడమకే కదండీ!"

ఆయన కడ్డీ కింద పెట్టాడు. "అన్ని వాల్వులు అంతే. గిదొక్కటి ఉల్టా. పాతకాలంది. ఎడమకు తిప్పితే మూస్కుంటది. గిందుకే ఆగుమన్న."

పూర్తిగా తెరిచాననుకుని పూర్తిగా మూసేశాను. అరిగిన వాల్వు కాబట్టి సందుల్లోంచి కొంచెం నీళ్ళు జారి కింది గల్లీలకు అందుతున్నాయి. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. "గబగబా తిప్పేయండి, ఎవరికీ తెలియదు," అని ఆయన చెవిలో అన్నాను. నిజంగా అన్నాను. ఇన్నేళ్ళ తర్వాత రాయడానికీ సిగ్గుగానే ఉంది.

"నేను సమ్మెల ఉన్న. కీ పట్ట. చూస్తందుకొచ్చిన, తిప్పేది మీరే," అని పక్కింటి అరుగు మీద కూర్చున్నాడు. "దానికంటె ముందుగాల గల్లీవాళ్ళకు చెప్పుండ్రి, తప్పెవరిదో."

"చెప్తే నన్ను బతకనిస్తారా?"

"చెప్పకుంటే ఆంధ్రామె ఆపిందంటరు. చెప్తే ఇంజినీరమ్మ పొరపాటు పడ్డదంటరు. ఏది నయమో మీరే సూస్కోండ్రి."

అప్పటికి గల్లీ సగం అక్కడే మూగి ఉంది. వాళ్ళ వైపు తిరిగాను. "తప్పు నాది. తెరవబోయి మూసేశాను. పైపు బాగానే ఉంది, మీకు నీళ్ళొస్తాయి," అన్నాను. లచ్చమ్మే ముందుకొచ్చింది. "గంతేనా? మరి తిప్పు బిడ్డా, నిలవడ్డవేంది!"

వాల్వు తిప్పే ఇనుప కీ, పైన రెండు కొమ్ములతో, నా ఎత్తు ఉంది. మొదటి చుట్టుకు మొరాయించింది. లచ్చమ్మ ఒక కొమ్ము పట్టుకుంది, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు రెండోది పట్టుకున్నారు. దేవదానం కూర్చున్నచోటు నుంచే చుట్లు లెక్కపెడుతున్నాడు. ఇక తిరగనన్నాక కీ అక్కడే వదిలేసి అందరం పైకి పరుగెత్తాం. లచ్చమ్మ ఇంటి ముందు నల్లా దగ్గింది. మళ్ళీ దగ్గింది. మొదట ఎర్రమట్టి నీళ్ళు, పావుగంటకు తేటనీళ్ళు. లచ్చమ్మ దోసిలి పట్టి ముందు నా మొహాన కొట్టింది. పిల్లలు బట్టలతోనే తడిశారు. ఎవరో జై తెలంగాణ అన్నారు, గల్లీ అంతా అంది, నేనూ అన్నాను. నా జన్మలో అంత సంతోషం ఏ సంతకానికీ కలగలేదు. దేవదానాన్ని వెతికితే ఆయన అప్పటికే టెంటుకు వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం పాత రిపోర్టు బదులు కొత్తది రాసి, మొదటి వాక్యంలోనే నా పొరపాటు పెట్టాను. సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. వస్తే వచ్చింది. ఆ తర్వాత ఆ గల్లీలో నన్నెవరూ ఆంధ్రామె అనలేదు, నల్లా మేడం అన్నారు. రాష్ట్రం వచ్చింది, దేవదానం రిటైరయ్యాడు, పోయిన ఏడాది కన్నుమూశాడు. సమాధి దగ్గర ఎగువ గల్లీ ఆడవాళ్ళు నాకంటే ముందే ఉన్నారు.

ఇప్పుడు నేను తుర్కయంజాల్ వైపు మురుగు లైన్లు వేయిస్తున్నాను. మొన్నామధ్య ఒక కాలనీలో మురుగు వెనక్కి తన్ని ఇళ్ళల్లోకి వచ్చింది. వాలు లెక్క తప్పింది, ఆ లెక్క చూసి సంతకం పెట్టింది నేను. జనం మూగారు. మా కుర్ర ఇంజినీరు చెవిలో, "కాంట్రాక్టరు మీద పెట్టేద్దాం మేడం," అన్నాడు. నేను ముందుకు వెళ్ళి తప్పు నాదన్నాను. కాసేపు బాగానే తిట్టారు. పడ్డాను. చివరికి ఒక పెద్దాయన, "సరే, ఎప్పుడు సక్కగ చేస్తవు?" అన్నాడు. ఎల్లుండికి అన్నాను. ఆ ముక్క తవ్వి వాలు సరిచేయించాను, మూడో రోజు పొద్దున పదికల్లా మురుగు గలగలా ముందుకు పారింది. చప్పట్లు మొదలుపెట్టింది ఆ పెద్దాయనే.