రాజీనామా జేబులో పెట్టుకుని పెడన దాకా

ఆదివారం ఉదయం ఏడున్నరకి, రాజీనామా కాగితం జేబులో పెట్టుకుని విజయవాడలో బందరు బస్సెక్కాను. పింఛన్ల ఆఫీసులో పద్దెనిమిదేళ్ళు గుమాస్తాగిరీ చేసి విసిగిపోయాను. వన్ టౌన్‌లో చీరల షాపు నడిపే మా బావమరిది తనతో కలవమన్నాడు. "సొంత వ్యాపారమంటే రాజాలా ఉండొచ్చు బావా," అన్నాడు వీడియో కాల్లో, కౌంటర్ దగ్గర నిలబడే ఇడ్లీ మింగుతూ. ముందు పెడన వెళ్ళి మగ్గాలు చూసి రమ్మన్నాడు. నచ్చితే సోమవారం రాజీనామా ఇచ్చేయడమే.

కండక్టరుకి సంగతి చెబితే టికెట్టు కొట్టబోతూ ఆగిపోయాడు. "ఫ్యాను కింద కూర్చునే ఉద్యోగమండీ! నేను ఇరవయ్యేళ్ళ నుంచి నిలబడే ఉన్నా. మీకేమొచ్చిందండీ?"

ఎనిమిదింబావుకి కంకిపాడు. అక్కడ ఎక్కి నా పక్కన కూర్చున్న రైతు, "ఈ సేద్యం కన్నా ఏటీఎం ముందు వాచ్‌మన్‌గా కూర్చోడం నయమండీ. వానొచ్చినా నిద్ర పడుతుంది," అన్నాడు. ఆ తర్వాత ఉయ్యూరు దాకా తన వరిచేను గురించే మురిసిపోతూ చెప్పాడు. నేను కునికిపాట్లు పడుతూ విన్నాను.

బందరులో పెసరట్టు తిని, ఆటోలో పెడన చేరేసరికి పదకొండు. బావమరిది చెప్పిన వీరభద్రం గారు నేలలో తవ్విన గుంటలో కాళ్ళు పెట్టుకుని మగ్గం నేస్తున్నారు. నడుమునీ, మోకాళ్ళనీ, పవర్‌లూమునీ వరసపెట్టి తిట్టారు. "పగవాడిక్కూడా ఈ పని వద్దండీ," అంటూనే బట్ట మీద బొటనవేలు రాసి, ఆగి, నాలుగు వేళ్ళ మేర నేత విప్పేశారు. ఒక పోగు తప్పిందట. నా కళ్ళద్దాలకి ఏమీ కనపడలేదు.

"ఎవరు చూస్తారండీ?" అన్నాను.

"నేను చూశాగదండీ."

పింఛను వస్తోందా అని అడిగాను.

"మూడుసార్లు తిప్పి పంపారండీ. వేలిముద్ర సరిగ్గా లేదంట. నలభయ్యేళ్ళు పోగులు పట్టి అరిగిపోయింది. కొత్త వేలు ఎక్కణ్ణించి తేనండీ?" బొటనవేలు చూపించారు. ఒక్క గీత లేదు.

పెడన దరఖాస్తులు వచ్చేది నా బల్ల మీదకే. 'వేలిముద్ర స్పష్టంగా లేదు, తిప్పి పంపడమైనది.' ఆ మాట ఎర్ర సిరాతో రాసి టీకి వెళ్ళిపోయే మనిషిని నేనే. స్వయంగా వెళ్ళి మనిషిని చూసి సంతకం పెడితే సరిపోతుంది. పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారీ కదల్లేదు. సిగ్గేసింది. ఆ గుమాస్తాని నేనేనని చెప్పడానికి నోరు రాలేదు. దరఖాస్తు నంబరు మాత్రం అడిగి, వేరే కాగితం లేక రాజీనామా వెనకాల రాసుకున్నాను.

మూడింటికి తిరుగు బస్సు. రోజంతా తిరిగినా తన పని బాగుందన్నవాడు ఒక్కడూ కనపడలేదు. పనిని ఎగ్గొట్టినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే.

పొద్దుటి కండక్టరే. నన్ను గుర్తుపట్టి నవ్వాడు. "ఏమండీ, ఉద్యోగం మానేస్తున్నట్టేనా?"

"ముందొకసారి చేసి చూస్తానండీ," అన్నాను.