పేషెంట్ తాలూకు ఎవరు?

ఊపిరినిచ్చి, ఆ ఊపిరితో సరే అనడానికీ వద్దు అనడానికీ మనిషికి నోరు కూడా ఇచ్చిన దేవునికి స్తోత్రం. మట్టితో చేసినవాడు మనల్ని మట్టిముద్దలుగానే వదిలేయలేదు, పిలిస్తే పలికేవాళ్ళను చేశాడు. పొద్దున లేచి మంచం మీద కూర్చోగానే నా నోట వచ్చే మొదటి స్తుతి ఇదే. ఇది నాకు ఏ ప్రసంగంలోనూ దొరకలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆసుపత్రి మంచం పక్కన దొరికింది.

నా చిన్నప్పుడు మేము సికింద్రాబాదులో, బోయిగూడలో ఉండేవాళ్ళం. నాన్న ఉద్యోగం కోసం గుంటూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం మాది. మాతోపాటే మా పెద్దమ్మ, అంటే అమ్మకు అక్కయ్య, ఉండేది. ఆమె పెళ్ళి చేసుకోలేదు. బడిలో హెడ్‌మిస్ట్రెస్, చర్చిలో సండే స్కూలు టీచరు. వీధంతా టీచరమ్మ అనేవారు. ఆమె ఎదురుపడితే పిల్లలే కాదు, పిల్లల తండ్రులు కూడా చేతిలోని బీడీ వీపు వెనక దాచుకునేవారు. ఏ పిల్లను ఏ బడిలో చేర్చాలన్నా, క్రిస్మస్ నాటకంలో దేవదూత వేషం ఎవరు వేయాలన్నా ఆమె మాటే చివరి మాట. ఈ సంగతి ముందే చెప్పడం ఎందుకంటే, అలాంటి మనిషిని ఆ రోజు మేమంతా కలిసి ఎంత తొందరగా నోరు లేనిదాన్ని చేశామో మీకు తెలియాలి.

పెద్దమ్మకు బొడ్డు దగ్గర ఒక వాపు ఉండేది. దగ్గితే ఉబికి బయటికి వచ్చేది, పడుకుంటే లోపలికి పోయేది. ఉబ్బసం మనిషి కాబట్టి చలికాలమంతా దగ్గే. ఆ వాపును చీర కుచ్చిళ్ళ కింద బిగించి కట్టుకుని, ఎవరికీ చెప్పకుండా ఏళ్ళు గడిపేసింది. ఆ ఆదివారం మాకు పాట నేర్పుతూ నేర్పుతూ బల్ల పట్టుకుని వంగిపోయింది. ముందు వరుసలో ఉన్న నా మణికట్టు ఆమె చేతికి దొరికింది. అలా పట్టుకున్న పట్టు ఇక వదల్లేదు.

ఎవరో పరిగెత్తి మా పక్కింటి మామను పిలుచుకొచ్చారు. ఆయన ఆటో నడిపేవాడు. జోరుగా నడుపుతాడని పెద్దమ్మ చేత రోజూ చీవాట్లు తినేవాడు కూడా. “జెర జరగుండ్రి, గాలి ఆడనియ్యుండ్రి” అంటూ జనాన్ని పక్కకు నెట్టి, ఆమెను ఎత్తి సీటు మీద కూర్చోబెట్టాడు. “టీచరమ్మా, రోజూ మెల్లగ నడుపుమంటవు గద, ఇయాల మాత్రం తిట్టకు” అన్నాడు. అంత నొప్పిలోనూ పెద్దమ్మ ఆయన వైపు ఒక చూపు చూసింది. బడిలో ఆ చూపుకు ఎన్నో క్లాసులు నిశ్శబ్దమయ్యాయి.

ఆసుపత్రిలో ఆమెను ఒక ఇనుప మంచం మీద పడుకోబెట్టి చుట్టూ తెర లాగారు. నా చెయ్యి ఆమె చేతిలోనే ఉంది కాబట్టి నర్సు నన్ను బయటికి పంపలేకపోయింది. మిగిలినవాళ్ళంతా తెర అవతల వరండాలో ఉన్నారు. చర్చి ముగియగానే వెనకాలే వచ్చేశారు, అమ్మా నాన్నా, మా అయ్యగారు, సంఘ పెద్దలు ఇద్దరు ముగ్గురు. అయ్యగారంటే మా చర్చి పాస్టరు గారు.

కాసేపటికొకసారి ఆయా వరండాలోకి వెళ్ళి, “పేషెంట్ తాలూకు ఎవరు?” అని అడిగేది. ఆ మాట వినగానే అందరూ ఒకేసారి ముందుకు జరిగేవారు. తాలూకు మనుషులకు లోటు లేదు. లేనిదల్లా ఒక జవాబు. ఆపరేషన్ చేయాల్సి రావచ్చు, మగవాళ్ళెవరైనా సంతకం పెట్టాలి అని నర్సు చెప్పింది. నాన్న వెనక్కి తగ్గాడు. “ఆమె తమ్ముడు గుంటూరులో ఉన్నాడండీ. ట్రంక్ కాల్ చేశాం, పొద్దున బండికి దిగుతాడు. సొంత తమ్ముడు రాకుండా నేను సంతకం పెట్టి, ఏదైనా జరిగితే రేపు ఆయన ముందు ఎలా నిలబడను?” అన్నాడు. సంఘ పెద్దల్లో ఒకాయన, “ఉబ్బసం మనిషి. మత్తిస్తే లేస్తుందని ఏముంది?” అన్నాడు. ఇంకొకాయన వేరే ఆసుపత్రికి తీసుకుపోదామన్నాడు. అప్పుడు అయ్యగారు అందరినీ ఒక గోడవారకు పిలిచి, ఏం చేయాలో దారి చూపించమని ప్రభువును గట్టిగా అడగడం మొదలుపెట్టారు. అంతా కన్నీళ్ళతో ఆమేన్ అంటున్నారు. ఈ తెర ఇవతల మాకు ప్రతి ముక్కా వినబడుతూనే ఉంది.

మధ్యలో అమ్మ తెర తొలగించి లోపలికి తొంగి చూసి, “ఏం లేదక్కయ్యా, గ్యాసేనట. కళ్ళు మూసుకుని పడుకో” అని చెప్పి వెళ్ళిపోయింది. పెద్దమ్మ పళ్ళ బిగువున నాతో అంది, “మీ అమ్మకు అబద్ధం చెప్పడం రాదే. చిన్నప్పుడూ అంతే, బెల్లం తిన్నా మూతి తుడుచుకునేది కాదు.” నాకు నవ్వొచ్చింది. వెంటనే ఏడుపూ వచ్చింది. ఆమె చెయ్యి చల్లబడుతోంది.

అప్పుడు డాక్టరమ్మ వచ్చింది. హైదరాబాదు మనిషే. మా అమ్మకంటే చిన్నదే అనుకుంటాను. చకచకా వచ్చి వాపు మీద చెయ్యి వేసి చూసింది, ఆమె ముఖం మారింది. తెర వైపు తిరిగి, కొంచెం విసుగ్గా, “పేషెంట్ తాలూకు ఎవరు?” అని కేక వేసింది.

పెద్దమ్మ నా మణికట్టు వదిలేసింది. ఆ చెయ్యి పైకెత్తింది. క్లాసులో హాజరు పిలిచినప్పుడు మేమెత్తేవాళ్ళం చూడండి, అచ్చం అలా. “నేనున్నానండీ. నా తాలూకు నేనే” అంది.

డాక్టరమ్మ ఒక క్షణం ఆ ఎత్తిన చెయ్యి వైపే చూసింది. తరవాత మంచం కింద ఉన్న స్టూలు కాలితో ఇవతలికి లాక్కుని, పెద్దమ్మ ముఖానికి తన ముఖం సమానంగా వచ్చేలా కూర్చుంది.

“తప్పయిందమ్మా. మీతోనే మాట్లాడుత. జల్ది చెప్పాలె, టైము లేదు. అర్థం కాకపోతే ఆపండి.”

నా జడకు ఆదివారం కట్టే తెల్ల రిబ్బను ఉంది. అడగకుండానే దాన్ని లాగేసింది. బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఉంగరంలా చేసి, అందులోంచి రిబ్బనును మడతలా పైకి తీసింది. “ఈ కన్నం మీ పొట్ట గోడల ఉన్నది. ఈ మడత మీ పేగు. ఇన్ని రోజులు వచ్చుడు, పోవుడు. ఇయాల ఇరుక్కుపోయింది.” వేళ్ళు బిగించింది, రిబ్బను మెడ నులిమినట్టు నలిగిపోయింది. “నెత్తురు అందుతలేదు. ఇట్లనే ఉంటే ఈ ముక్క చచ్చిపోతది. దాని తర్వాత మీకూ ప్రమాదమే.”

పెద్దమ్మ కళ్ళు చిట్లించి ఆ రిబ్బనునే చూస్తోంది. “చేత్తో లోపలికి నెట్టలేరా?” అంది.

“నెట్టొచ్చు. కానీ ముక్క ఇప్పటికే నల్లబడి ఉంటే ఆ చెడునంతా లోపలికి నెట్టినట్టే. నా మాట అడిగితే కోసి చూసుడే మంచిది. మీకు ఉబ్బసం, పూర్తి మత్తంటే నాకూ భయమే. అందుకని వెన్నుల సూది ఇస్తం, పొట్ట నుంచి కిందికి నొప్పి తెల్వదు, మీరు మెలకువతోనే ఉంటరు. మీ తమ్ముడు వచ్చేదాకా ఆగుతామంటే అదీ మీ ఇష్టమే. కానీ అప్పటికి నేను చేసేది ఏం మిగలకపోవచ్చు.”

“మెలకువగా ఉంటే మీరు కోసేది నాకు కనబడుతుందా?”

“అడ్డం గుడ్డ కడతం.”

“పాడుకోవచ్చా?”

డాక్టరమ్మకు నవ్వొచ్చింది. “మెల్లగ పాడుకోండి, ఊపిరి నాకు కొంచెం మిగల్చండి. ఇంకొకటమ్మా. మధ్యల ఊపిరి అందకపోతే మత్తిచ్చి గొంతుల గొట్టం వెయ్యాల్సి వస్తది. అప్పుడు మిమ్మల్ని అడిగే వీలుండదు. అందుకే ఇప్పుడు అడుగుతున్న. వెయ్యాల్నా, వద్దా?”

పెద్దమ్మ కళ్ళు మూసుకుంది. ఎప్పుడు తెరుస్తుందా అని నేను ఆమె రెప్పల వైపే చూస్తున్నాను. ఆమె ప్రార్థించిందో, భయపడిందో, రెండూనో తెలియదు. ఆ కాసేపూ డాక్టరమ్మ తొందర పెట్టలేదు. తొందర ఉన్నది ఆమెకే అయినా.

“వెయ్యండి” అంది పెద్దమ్మ. “సంతకం నేనే పెడతాను, నాకు చదువొచ్చు. బయటివాళ్ళకు కూడా నేనే చెబుతాను, పిలవండి.”

అందరూ లోపలికి వచ్చారు. తప్పు చేసిన పిల్లల్లా మంచం చుట్టూ నిలబడ్డారు. ఆపరేషన్‌కు ఒప్పుకున్నానని ఆమె ఒక్క మాటలో చెప్పేసింది. అయ్యగారు ముందుకొచ్చి, వంగి, చాలా మెల్లగా అడిగారు. “టీచరు గారూ, ఏమని ప్రార్థించమంటారు?”

“ఊపిరి కోసం చెయ్యండి అయ్యగారూ. మిగతాది డాక్టరమ్మ చూసుకుంటుంది.”

ఆపరేషన్ గది లోపలి నుంచి పాట వినిపించిందా అని తరవాత నన్ను చాలామంది అడిగారు. వినిపించలేదు. రెండో చరణం మరిచిపోయి మొదటిదే తిప్పి తిప్పి పాడుకున్నానని పెద్దమ్మే చెప్పింది. నలిగిన పేగు మీద వేడి తడిగుడ్డలు వేసి చూశారట, కాసేపటికి రంగు తిరిగి వచ్చిందట. గొట్టం అవసరం పడలేదు. ఈ సంగతులేవీ ఆ సాయంత్రం డాక్టరమ్మ మాకు చెప్పలేదు. బయటికి రాగానే అందరం చుట్టుముట్టాం. “ప్రాణానికి భయం లేదు. మిగతాది ఆమెకు చెప్పిన, ఆమెనే అడగండి” అని నడుచుకుంటూ వెళ్ళిపోయింది. నా రిబ్బను ఆమె కోటు జేబులోనే ఉండిపోయింది.

మర్నాడు గుంటూరు మామయ్య బండి దిగి నేరుగా ఆసుపత్రికి వచ్చాడు. అక్కయ్య బతికిందన్న సంతోషం ఉంది, తనను అడగలేదన్న కోపమూ ఉంది. “నేను వచ్చేదాకా ఆగలేకపోయారా?” అన్నాడు. పెద్దమ్మ కళ్ళు తెరవకుండానే, “ఆగమనే చెప్పానురా తమ్ముడూ, పేగు వినలేదు” అంది. కుట్లు లాగి మూలిగింది కానీ, ఆ మాట అన్నందుకు చింతించినట్టు కనబడలేదు.

కొన్ని వారాల తరవాత అయ్యగారు చర్చిలో గుడ్డివాడి సంగతి చెప్పారు. చూపు లేనివాడు కేకలు వేసుకుంటూ ఎదుటికొస్తే, వాడికేం కావాలో ప్రభువుకు తెలియదా? అయినా నీకేం కావాలని ముందు వాడినే అడిగాడు. “మొన్న వరండాలో మనమంతా దేవుణ్ణి అడిగాం. తెర అవతల ఆయన జవాబు మంచం మీద పడుకుని ఉంది. దాన్ని మాత్రం ఎవ్వరం అడగలేదు” అన్నారు. మూడో వరుసలో పెద్దమ్మ దగ్గు అణుచుకుంటూ తల దించుకుంది.

పెద్దమ్మ ఆ తరవాత చాలా కాలం బతికింది, ఎంతోమంది పిల్లలకు పాటలు నేర్పింది. ఇప్పుడు నేను ఆనాటి ఆమె వయసు దాటాను. మా సంఘం తరఫున రోగులను చూడటానికి ఆసుపత్రులకు వెళ్తుంటాను. మంచం దగ్గరికి వెళ్ళగానే ప్రార్థనకు కళ్ళు మూసుకోవడం నాకు చేతకాదు. ముందు స్టూలు వెతుక్కుంటాను. కూర్చున్నాక అడుగుతాను, ఏమని ప్రార్థించమంటారు అని. ఒకసారి తిరుమలగిరి నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉన్నాడు. ఇంటివాళ్ళంతా మంచం చుట్టూ చేరి స్వస్థత కోసం పట్టుపట్టి ప్రార్థిస్తున్నారు. నేను అడిగితే ఆయన వాళ్ళ వైపు చూసి, నా వైపు వంగి, “జెర నిద్ర పట్టాలని చెయ్యమ్మా. వీళ్ళ ప్రార్థనలకు నిద్ర వస్తలేదు” అన్నాడు. అదే చేశాను, గొంతు తగ్గించి. ఆ ఎత్తిన చెయ్యి నా కళ్ళ ముందు ఉండకపోతే, నేను కూడా ఆ గుంపులో ఒక గొంతునే అయ్యేదాన్ని.

ఇంతవరకూ చదివిన మీరు, ఒక్క నిమిషం నాతో కలిసి ప్రార్థించండి. ఈ పూట ఏ ఆసుపత్రిలోనో తెర వెనక పడుకుని, తన గురించి అవతల జరిగే మాటలు వింటున్న మనిషి కోసం. ఎవరో ఒకరు ఆ తెర తొలగించి లోపలికి వచ్చి, స్టూలు లాక్కుని కూర్చుని, ఆ మనిషినే అడగాలని. జవాబు చెప్పేంత ఊపిరి ఆ మనిషికి ఉండాలని. ఆమేన్.