ఇరవై నిమిషాల ‘నిలబెట్టు’

ఏడేళ్లుగా ఒక మాట నా వెంట పడుతోంది. నిలబెట్టు. మామూలు మాటే. ఎవరి నోట విన్నా ఆ పూట నాకు అన్నం సహించదు. మా ఆవిడకి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

మిషిగన్‌లో ఎమ్మెస్ చదివే రోజులవి. మా యూనివర్సిటీలో ఏటా ఒక ప్రయోగాత్మక సంగీతోత్సవం జరిగేది. దేశదేశాల నుంచి వచ్చేవారు. ఒకాయన ఫ్రిజ్ కమ్మీల మీద వయొలిన్ కమాను రాసేవాడు. ఒకావిడ మైకు ముందు మంచుగడ్డలు కొరికేది. జనం కళ్లు మూసుకుని వినేవారు. నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయినా రికార్డింగ్‌లో సాయం చేసేవాణ్ణి, కార్యక్రమం పుస్తకంలో నా పేరు వేస్తామన్నారు కాబట్టి. ఆ పేరు కోసమే ఇదంతా. తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

ఆ ఏడు ఒక స్వరకర్త, ఇక్కడెవరికీ అర్థం కాని భాషలో ఒక గొంతు కావాలన్నాడు. నాకు వెంటనే సువార్త ఆంటీ గుర్తొచ్చింది. మా తెలుగు చర్చిలో పాటలు నడిపించేది ఆవిడే. భీమవరం వైపు మనిషి. ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక నాకు డబ్బాలో చేపల పులుసు పెట్టి పంపేది. పాటలు రికార్డ్ చేసుకుంటానంటే సరేనని కాగితం మీద సంతకం పెట్టింది. చదవను కూడా లేదు. తెచ్చింది నేను కదా.

ఆ ఆదివారం చర్చిలో పాటలయ్యాయి. అందరూ ఒకేసారి గట్టిగా ప్రార్థన మొదలుపెట్టారు. అన్ని గొంతుల్లో ఒకరి మాట ఒకరికి వినబడదు, ఆ ధైర్యంతోనే మనుషులు లోపలిదంతా దేవుడికి చెప్పుకుంటారు. రికార్డర్ ఆవిడ కుర్చీ పక్కనే ఉంది. ఆపాలి. ఆపలేదు. మరిచిపోయానా? లేదు, ఎర్ర లైటు వెలగడం చూశాను. ఆవిడ ఏడుస్తోంది. మూడు పోయాయి ప్రభువా, ఈ బిడ్డనైనా నిలబెట్టు, నిలబెట్టు అంటోంది. ఆవిడ మళ్లీ కడుపుతో ఉన్న సంగతి వాళ్లాయనకి, అంకుల్‌కి తప్ప ఎవరికీ తెలియదు.

స్వరకర్తకి పాటలు నచ్చలేదు. ఇది నచ్చింది. దేని గురించని అడిగితే మామూలు ప్రార్థనే అన్నాను. ఆ ఒక్క మాటని ముక్కలుగా కోసి ఇరవై నిమిషాలు తిప్పాడు. నిల, నిల, బెట్టు, నిల. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం. తెలుగు తెలిసినవాణ్ణి అక్కడ నేనొక్కణ్ణే. పుస్తకంలో నా పేరు స్పెల్లింగ్ తప్పు వేశారు.

తర్వాత మూడు ఆదివారాలు ఆంటీ రాలేదు. నాలుగో ఆదివారం వచ్చింది, చిక్కి సగమై. ఆ బిడ్డ కూడా నిలవలేదని నాకు అర్థమైంది. డబ్బా చేతిలో పెడుతూ అడిగింది.

“అబ్బాయ్, ఆ రోజు రికార్డ్ చేశావే, అందులో నా ప్రార్థన గానీ పడిందా?”

“ఆ ఫైలు డిలీట్ అయిపోయింది ఆంటీ.”

“పోన్లే నాన్నా, మంచిదైంది. నా బిడ్డ సంగతుంది అందులో. ఎవరి చెవినన్నా పడుంటే తట్టుకోలేకపోయేదాన్ని.”

పులుసు ఇంటికి తెచ్చుకున్నాను. తిన్నాను కూడా.

ఆ స్వరకర్త దాన్ని ఇప్పటికీ ఊరూరా వినిపిస్తున్నాడు. వద్దని రెండు లైన్ల ఈమెయిల్ రాస్తే చాలు. రాశాను కూడా, డ్రాఫ్ట్స్‌లో పడుంది. ఎందుకు పంపను? ఆపమంటే కారణం అడుగుతాడు, కారణం చెబితే ఆ కాగితం పాటలకే అన్న సంగతీ నా అబద్ధం సంగతీ బయటికొస్తాయి, చివరికి అది ఆవిడ దాకా వెళుతుంది, ఆవిడ బాధపడుతుందని నాకు నేను చెప్పుకుంటాను గానీ, నిజానికి నా భయం ఆవిడ గురించి కాదు. నా గురించే.

ఆంటీ వాళ్లు ఇప్పుడు వర్జీనియాలోని హెర్న్‌డన్‌లో ఉన్నారు. ప్రతి క్రిస్మస్‌కి ఫోన్ చేసి, నీ కోసం ప్రార్థన చేస్తున్నా అబ్బాయ్ అంటుంది. చేయొద్దు ఆంటీ అని అరవాలనిపిస్తుంది. థాంక్స్ ఆంటీ అంటాను.

క్షమించమని అడగడం లేదు. అడగాల్సింది మిమ్మల్ని కాదు. ఇన్నేళ్లకి ఒక్క వాక్యం మాత్రం రాయగలిగాను, కాస్త ఊపిరాడుతోంది.

ఆ ఫైలు డిలీట్ కాలేదు ఆంటీ.