అతికించిన గ్రాఫు కాగితం

నిన్న నంద్యాలలో పని నుంచి వచ్చి కూలబడ్డాను. పదో తరగతి చదివే నా కూతురు ఫోన్లో గ్రాఫు గీసే యాప్‌లో రెండు సమీకరణాలు కొట్టింది. తెర మీద గీతలు కలవలేదు. "ఉండు నాయనా" అని వేళ్లతో తెర మీది గ్రాఫును కుదించింది. ఎక్కడో దూరాన రెండూ కలిశాయి.

నేను పదో తరగతిలో ఉన్నప్పుడు, ఆళ్లగడ్డ బడిలో నా పక్కన కూర్చునే మాబు ఆ పనే చేశాడు. గ్రాఫు కాగితానికి అన్నం మెతుకులతో ఇంకో కాగితం అతికించి గీతల్ని పొడిగించాడు. లెక్కల సారు క్లాసు లీడరునని నన్నడిగాడు.

"నీకు కలిసినాయా అప్పా?"

నా కాగితంలో కలవలేదు. కలవకపోతే సమాంతర రేఖలే అనుకునేవాణ్ణి. "సాధన లేదు సార్. వీడు వంకరగా గీసినాడు" అన్నాను. మాబుకు నాలుగు బెత్తం దెబ్బలు పడ్డాయి.

ఆ సాయంత్రం ఇంట్లో లెక్క చేసి చూస్తే మాబు జవాబే వచ్చింది. సారుకు చెప్పలేదు. "నీ గీతలు యాడ కలిసినాయ్ రా, కొలిమిగుండ్లలోనా?" అని పిల్లలు ఏడాదంతా ఎగతాళి చేస్తుంటే నేనూ నవ్వాను.

"ఏందీ నాయనా, అట్లా చూస్తాండావ్?" అంది కూతురు ఫోన్లోంచి తలెత్తి.

"మాబు గీసిందే కరెక్టు" అన్నాను.

"మాబు ఎవరు?" అంది. నా మాట వినాల్సింది ఆమె కాదు.