రేడియో ఆపరేటర్ ఎడమ కన్ను

జనవరి మొదటి వారంలో సరిహద్దు మీది సైనిక పోస్టుకు చేరాను. ఎత్తు పదిహేను వేల అడుగులు. చివరి ఆరు గంటలూ నడకే. వీపున ఇరవై కిలోల బరువు, అందులో సగం మందుల పెట్టె. నేను నర్సింగ్ అసిస్టెంట్‌ను. డాక్టర్ కింద బేస్‌లో ఉండేవారు. రేడియోలో ఆయన గొంతు వినడమే తప్ప మనిషిని చూసింది లేదు.

బంకర్‌లో మొదటి చాయ్ ఇచ్చింది రేడియో ఆపరేటర్. నాది చిక్కడపల్లి అని తెలియగానే అతని మొహం విప్పారింది. వాళ్లది కవాడిగూడ బస్తీ. తల్లి మహబూబ్‌నగర్ నుంచి వచ్చి, కట్టే ఇళ్ల దగ్గర కూలి చేసి ఒక్కతే పెంచింది. అతను చిక్కడపల్లి లైబ్రరీలో చదువుకుని సైన్యంలో చేరాడు. ఆ రోజు నుంచి నేను అతనికి అన్నను.

తిరిగొచ్చాక ఇక్కడ అందరూ కాల్పుల గురించే అడుగుతారు. నేనున్నన్నాళ్లు మా పోస్టులో ఒక్క తూటా పేలలేదు.

ఫిబ్రవరిలో మంచు తీస్తుంటే పార కర్ర జారి అతని ఎడమ కంటికి తగిలింది. వారంలో వాపు తగ్గింది. మూడు వారాల తర్వాత, ఉదయం ఏడింటికి, రేడియో సెట్ పక్కన కూర్చుని మెల్లగా అడిగాడు.

"అన్నా, కంట్ల మెరుపులొస్తున్నయి. నల్లగ దోమల్లెక్క తిరుగుతున్నయి. ఏమన్న అయితదా?"

మంచు మీది ఎండకు అలాగే ఉంటుందని చెప్పాను. చుక్కల మందు వేశాను. నల్లద్దాలు తీయొద్దన్నాను. రిపోర్టు రాయొద్దని బతిమాలాడు. కంట్లో లోపం తేలితే ఉద్యోగం పోతుందని అతని భయం. నేను రాయలేదు. డాక్టర్‌ను అడగనూ లేదు. ఈ రెండు ముక్కలు పైకి చెప్పడానికి నాకు ఏడాది పైనే పట్టింది.

నాలుగో రోజు, కంటికి ఒక పక్క నుంచి నల్లటి తెర కమ్ముకొస్తోందన్నాడు. బేస్‌కు సెట్ కలిపి ఇచ్చింది అతనే. కంటి వెనక పొర ఊడుతోందని, కదలకుండా పడుకోబెట్టమని డాక్టర్ చెప్పారు. మెరుపులు ఎప్పటి నుంచని అడిగారు. నాలుగు రోజులన్నాను. అప్పుడే పంపి ఉంటే పొర ఊడడం లేజర్‌తో ఆగిపోయేదన్నారు.

మూడు రోజులు మంచు తుపాను. హెలికాప్టర్ నాలుగో రోజు పదిన్నరకు దిగింది. మిలిటరీ ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి కంట్లో గ్యాస్ నింపారు. పొర అతుక్కోవాలని పది రోజులు బోర్లా పడుకోబెట్టారు. మళ్లీ ఊడింది. రెండోసారి నూనె నింపారు. చూపు రాలేదు. మెడికల్ బోర్డు ఇంటికి పంపేసింది.

నా డ్యూటీ ఇంకో ఏడాది సాగింది. తిరిగొచ్చిన మూడో రోజు అతన్ని వెతుక్కుంటూ అశోక్ నగర్ వెళ్లాను. కోచింగ్ సెంటర్ల సందులో ఒక జిరాక్స్ దుకాణంలో పని చేస్తున్నాడు. ఎడమ కనుపాప పాలిపోయి, పక్కకు ఒరిగి ఉంది. తప్పు నాదేనని చెప్పాను. కాగితాలు సర్దుతూ విన్నాడు.

"రాయొద్దన్నది నేనే కదన్నా. చూపు పోయిందని అమ్మకింకా చెప్పలే. కంట్ల దుమ్ము పడ్డదని ఇంటికి పంపిన్రని చెప్పిన. ఆమె కండ్లల్ల శుక్లాలున్నయి, నా మొఖం సక్కగ కానరాదు. రేపు నారాయణగూడ దవాఖానల ఆమెకు ఆపరేషన్. నువ్వు జర తోడు రా."

వెళ్లాను. ఆపరేషన్ అరగంట కూడా పట్టలేదు. మసకబారిన కటకం తీసి కొత్తది అమర్చారు. మర్నాడు ఉదయం తొమ్మిదింటికి కట్టు విప్పారు. ఆమె మొదట గోడ మీది క్యాలెండర్ చూసింది. నన్ను చూసింది. తర్వాత కొడుకును చూసి, అతని ఎడమ కంటికి దగ్గరగా వంగింది.

"ఈ కన్ను గిట్లెందుకున్నది బిడ్డా?"

దుమ్మేనమ్మా, తగ్గిపోతుందన్నాడు. ఆమె ఇటుకలు మోసి గట్టిపడిన అరచేత్తో అతని కుడి కన్ను మూసింది.

"ఇప్పుడు నేను అవుపడుతున్ననా?"

"అవుపడుతున్నవమ్మా."

ఆమె చెయ్యి తీయకుండానే, చప్పుడు కాకుండా పక్కకు వంగింది. అతను ఇందాక ఆమె ఉన్న వైపే, ఖాళీ గోడను చూస్తూ, నవ్వుతూనే ఉన్నాడు.