ఐసు డబ్బాలో పట్టని సంచి

పంతొమ్మిది వందల తొంభైల్లో, నేత పనిచేసే మా ఆయనకు విషజ్వరమొచ్చి, చిగుళ్ల నుంచి రక్తం కారుతుంటే వనపర్తి దవాఖానలో చేర్చాం. మరిది హైదరాబాద్ బ్లడ్ బ్యాంకు నుంచి రెండు సంచుల ప్లేట్‌లెట్లు బస్సులో తెచ్చాడు.

డాక్టరమ్మ ఒక సంచిని కిటికీ వెలుగుకు పట్టి మెల్లగా ఊపింది. "మంచిగుంటే ఊపినప్పుడు మెరుపు తిరగాలె, దీంట్ల తిరుగుతలేదు. ఐసుల పెట్టినవా?"

"ఖరాబైతయని పెట్టిన మేడం" అన్నాడు మరిది.

"రక్తం లెక్క గాదయ్యా! చల్లబడితే గివి పనికిరావు."

"ఇంకోటేది?" అన్నాను.

మరిది ఏడుపు గొంతుతో, "డబ్బాల పట్టలే వదినా. తువ్వాలల చుట్టి ఒళ్లె పెట్టుకొని తెచ్చిన" అన్నాడు.

డాక్టరమ్మ దాన్ని ఊపింది. ఎండలో మా గద్వాల పట్టు తిప్పినట్టు మెరుపు సుడి తిరిగింది. ఆ సంచినే ఆయనకు ఎక్కించింది.

ఇప్పుడు మా ఆయన చీర విప్పి వెలుగుకు పడితే కొనేవాళ్లు పట్టును చూస్తారు. నేను ఆయన్ని చూస్తాను.