ముప్పై ఒకటో నంబరు

హెల్త్ విజిటర్ శిక్షణలో మా బ్యాచ్ ముప్పైమందిమి. ఏళ్ళు గడిచినా ఒకరినొకరం పేర్లతో పిలుచుకోం, హాజరుపట్టీ నంబర్లతోనే. నేను తొమ్మిది. ఏటా ఒకసారి రెడ్డియార్‌పాళయంలో మా నాలుగో నంబరు ఇంట్లో చేరి, చేపలపులుసు తిని, పై అధికారులను ఆడిపోసుకుని, చివర్లో హాజరు వేసుకుని లేస్తాం. మా ఆయన దాన్ని తిండిపోతుల సంఘం అనేవాడు. నిజం చెప్పొద్దూ, నేనూ అంతే అనుకునేదాన్ని, ఒర్లియంపేట మామ తగిలేదాకా.

మామంటే నాకు చుట్టం కాదు, నేను మందులిచ్చే ఆ పేటలో అందరూ అలా పిలిచే, మిల్లులో రిటైరైన మనిషి. భార్య లేదు. క్షయ సోకింది. ఆరునెలలపాటు రోజు విడిచి రోజు నా ఎదుటే మాత్రలు మింగాలి. ఆయనేమో వాటిని బుగ్గలో దాచి, నేను అటు తిరగగానే కాలవలో ఉమ్మేవాడు. అందుకని మింగాక నోరు తెరిపించి, నాలుక ఎత్తించి, ఆపైన కాసేపు కబుర్లు చెప్పించేదాన్ని. నోట్లో మాత్ర పెట్టుకుని ఎవరూ కోడలిమీద చాడీలు చెప్పలేరు.

మూడో నెలలో దగ్గు తగ్గింది. మామ మాయమయ్యాడు. సగంలో మానేస్తే ఆ జబ్బు మొండికెత్తుతుంది, తర్వాత ఆ మందులకు లొంగదు. పైగా ఇంట్లో ఏడాది నిండని మనవడు. నాకు భయమేసింది. కోడలిని అడిగితే చిత్తూరులో చెల్లెలింటికి పోయాడంది. వైద్యం అక్కడికి మార్చే బదిలీ కాగితం టపాలో చేరేసరికి ఆయన ఇంకో ఊరు మారతాడు. చిత్తూరులో మా పన్నెండో నంబరు ఉంది. అప్పటికి మాలో సగంమందికి సెల్‌ఫోన్ లేదు, ఆమె పనిచేసే ఆసుపత్రికే ఫోన్ చేశాను. మర్నాడు పొద్దున్నే మాత్రలూ మంచినీళ్ళ చెంబూ పట్టుకుని చెల్లెలి వాకిట్లో నిలబడిందట.

రెండు వారాలు ఓర్చుకుని మామ నెల్లూరుకు, అన్నకొడుకు దగ్గరికి జారుకున్నాడు. అక్కడ మా ఇరవైరెండో నంబరు, మీసాలాయన. ఆయనకు కబుర్లు చెప్పించే ఓపిక లేదు, అవసరమూ లేదు. ఆ మీసం చూస్తే మాత్ర దానంతటదే గొంతు దిగుతుంది.

నెల తిరక్కుండా మామే వచ్చి నా ఎదుట బెంచీమీద కూలబడ్డాడు.

"యాడికి పోయినా మీవోళ్ళే గదమ్మా. ఎంతమంది ఉండారు మీరు?"

"ముప్పైమందిమి మామా. ఇంకా ఇరవైఏడుమంది నిన్ను చూళ్ళేదు."

మళ్ళీ పారిపోలేదు. ఆఖరి పరీక్షలో కఫంలో క్రిములు లేవని వచ్చింది. సంతోషంగా చీటీ చూపిస్తే ఆయన మొహం చిన్నబోయింది.

"అయితే ఇంక నన్ను ఎతుక్కుంటా ఎవురూ రారు," అన్నాడు.

అన్ని నెలలు తిట్టుకున్న మనిషికోసం నాకు ఏడుపొచ్చింది.

ఆ ఏడు చేపలపులుసుకు ఆయన్నీ పిలిచాను. పన్నెండూ ఇరవైరెండూ కూడా వచ్చారు. మామ ఇంకా తింటూండగానే హాజరు మొదలైంది. ముప్పైదాకా చదివి, నాలుగో నంబరు ఆగి, ఆయన వైపు చూసి, "ముప్పై ఒకటి" అంది. మామ బుగ్గనిండా అన్నంతో చెయ్యెత్తి ఏదో చెప్పబోయాడు.

"ముందు మింగు మామా," అన్నాం అందరం ఒక్కసారే.